తారు ఆగిపోయిన చోట

పాడేరు మెయిన్ రోడ్డు వదిలి బైకు కుడికి తిరిగాక తారు ఎంతో దూరం రాదు. అంచు పెచ్చులూడి ఎర్రమట్టిలో కలిసిపోతుంది. బండి ఆపించి దిగండి, ఫోన్ తీయండి. అందరూ కలిసి గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఇదే దారి ఒకే రంగులో, ఒకే మందంతో కొండ దాకా సాగిపోతోంది. ఎవరో ఉపగ్రహ చిత్రం చూసి గీసిన గీత. వంపులన్నీ సరిగ్గానే ఉన్నాయి. పైనుంచి చూసేవారికి బురద కనబడదు, అందుకే మీరు వచ్చారు.

ముందు ఈ తారు అంచు దగ్గర గీతను రెండు ముక్కలు చెయ్యాలి. వెనక ముక్కకు సర్ఫేస్ తారు అని రాయండి. ముందు ముక్కకు ఏం రాయాలో నేలను చూస్తేనే తెలుస్తుంది. వంగి మట్టిని చేత్తో నలపండి. గ్రావెల్ పోసి రోలరు తొక్కించిన దారికి ఒక మాట, ఉత్త మట్టికి వేరే మాట ఉన్నాయి. ఇక్కడ ఎప్పుడో గ్రావెల్ పోశారు. వానలకు అది కొట్టుకుపోయి, జీపు చక్రాలు వెళ్లినచోట లోతుగా చాళ్లు మిగిలాయి. కాబట్టి ఉత్త మట్టి మాటే రాయండి.

ఇప్పుడు స్మూత్‌నెస్. ఎక్సలెంట్ నుంచి ఇంపాసబుల్ దాకా 8 మెట్లు. ఈ కొలత నాకెందుకు ఇష్టమంటే, అది రోడ్డు అందాన్ని అడగదు, ఏ చక్రం పోగలదని అడుగుతుంది. స్కేటింగ్ చక్రాలు జారిపోతే ఎక్సలెంట్. మామూలు కారు, ఆటో తంటాలుపడి వెళ్లగలిగితే బ్యాడ్. సంతకు జనాన్ని ఎక్కించుకెళ్లే కమాండర్ జీపు మాత్రమే పోగలిగితే వెరీ బ్యాడ్. ఈ ఒక్క మాటతో దారి లెక్క మారిపోతుంది. ఓఎస్ఆర్ఎమ్ అనే దారి వెతికే సాఫ్ట్‌వేర్ మామూలుగా బ్యాడ్ రోడ్డు మీద కారుకు గంటకు 40 కిలోమీటర్లకు మించి వేగం లెక్కేయదు, వెరీ బ్యాడ్ మీద 20, హారిబుల్ మీద 10. ఏమీ రాయకపోతే ఈ కోత లేకుండానే లెక్కేస్తుంది. ఆ లెక్క నమ్మి అంబులెన్సు బయల్దేరిందనుకోండి!

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. అధ్వానంగా ఉంది కదా అని దీన్ని పొలం దారి కింద, అంటే ట్రాక్ కింద మార్చేయకండి. మనుషులుండే ఊరికి వెళ్లే దారి ఇది. ఊళ్లను కలిపే రోడ్డు వర్గం అన్‌క్లాసిఫైడ్, అదే ఉంచండి. గుంతలు, మట్టి సంగతి వేరే వరుసల్లో చేరుతుంది. రోడ్డు పాడైతే ఊరి హోదా తగ్గించడం అన్యాయం.

బైకు గెడ్డ దగ్గర, అంటే వాగు దగ్గర ఆగింది. కల్వర్టు లేదు. నీళ్లు చీలమండ దాటవు, రాళ్ల మీద అడుగేస్తూ దాటేయొచ్చు. చూసింది చూసినట్టు ఫోర్డ్, అంటే నీళ్లలోంచి దాటే చోటు అని గుర్తు పెట్టి వెళ్లిపోవాలనిపిస్తుంది. ఆగండి. ఇది ఫిబ్రవరి. తలమీద గంపతో అవతలి ఒడ్డు నుంచి దిగుతున్న ఆవిణ్ని అడగండి.

“వానల్లో జీపు వస్తాదా అమ్మా?”

“జీపేటి బాబూ, గెడ్డ పొంగితే మనిషే దాటలేడు. నొప్పులొచ్చినా ఆగాల, తగ్గినాక డోలీ కట్టాల.”

ఆ మాట వివరణలో పెట్టండి: వానాకాలంలో గెడ్డ పొంగితే దారి మూతపడుతుంది. పొడి రోజున చూసిన నేల ఏడాదంతటికీ సాక్ష్యం కాదు, ఏడాది పొడవునా ఇక్కడ నడిచేవాళ్లే సాక్షులు.

గెడ్డ దాటాక చక్రం పని అయిపోయింది. కాఫీ తోటలోంచి, సిల్వర్ ఓక్ నీడల్లోంచి కాలిబాట నిటారుగా ఎక్కుతోంది. అడుగు కింద వేర్లు, వదులు రాళ్లు. ఇద్దరు పక్కపక్కన నడవలేరు. డోలీ మోసేవాళ్లు ఒకరి వెనక ఒకరు, కర్ర భుజం మార్చుకుంటూ దిగేది ఈ వెడల్పులోనే. ఇక్కడ వర్గం పాత్, స్మూత్‌నెస్ ఇంపాసబుల్. వెడల్పు కూడా రాయండి. చెట్ల కింద జీపీఎస్ గీత పక్కకు పోతుంది, దాన్నే నమ్మి పాత గీతను జరపకండి.

పైన ఊళ్లో సిగ్నల్ లేదు. ఫర్వాలేదు, స్ట్రీట్‌కంప్లీట్ అనే మ్యాపింగ్ యాప్‌లో ఇచ్చిన జవాబులు ఫోన్లోనే ఉండి, నెట్ అందగానే వెళ్లిపోతాయి. మిగిలినవి పాడేరు చేరాక కంప్యూటర్ మీద సరిచేయండి. మార్పుల కింద వ్యాఖ్యలో తారీకు వేసి, గెడ్డ దాకా బైకు మీద, అక్కణ్నుంచి నడిచి చూశామని రాయండి. రేపు సీసీ రోడ్డు పడితే ఈ మాటలు మార్చడానికి ఎవరో వస్తారు. మీరు ఏది, ఎప్పుడు చూసి రాశారో వాళ్లకు తెలియాలి.