ఫైలు: ఒక చిన్న మాట పుట్టుపూర్వోత్తరములు

కేంద్ర ప్రభుత్వ కార్యాలయములందు పనిచేయువారి నోట దినమున కెన్నియో మారులు దొర్లు మాట ‘ఫైలు’. ఫైలు వచ్చినది, ఫైలు పైకి పోయినది, ఫైలు కదలలేదు: ఇవియే మన నిత్య సంభాషణలు. ఆంగ్లమున నాలుగే అక్షరములు గల యీ మాటకు అర్థములు పెక్కులు. అంతకంటె వింత యేమన, దానికి వంశములును ఒకటికంటె నెక్కువ.

కాగితముల కట్ట యను అర్థమునకు మూలము లాటిను భాషలోని ‘ఫీలుమ్’. దాని యర్థము దారము. ఫ్రెంచి ద్వారమున ఇంగ్లీషు చేరిన తొలినాళ్లలో, ఫైలు అనగా పత్రములను గ్రుచ్చి యుంచు దారము లేక తీగె. వచ్చిన పత్రమును వచ్చిన వరుసలోనే దానికి గ్రుచ్చెడివారు. కాలక్రమమున దారము పేరు దానియందలి కాగితములకును, పిమ్మట వానిని దాచు అట్టకును సంక్రమించినది. విద్యుద్దీపములోని ఫిలమెంటు ఈ వంశములోనిదే. కరీంనగరపు వెండి తీగె పనికి వాడుకలోనున్న ‘ఫిలిగ్రీ’ అను పేరును దారము, గింజ యను రెండు లాటిను పదముల కలయికయే.

దారమువలె సాగిన వరుసయు ఫైలే. సైన్యమున ఒకరి వెనుక నొకరు నిలిచిన అది ఫైలు. ఒకరి ప్రక్క నొకరు నిలిచిన ర్యాంకు. చదరంగపు బల్లపై నిలువు వరుసలకు, అడ్డు వరుసలకు నేటికిని ఇవియే పేర్లు. ఈ రెండును కలిపి ‘ర్యాంక్ అండ్ ఫైల్’ అన్నచో సామాన్య సైనికులు, సామాన్యోద్యోగులు అని యర్థము.

కమ్మరి, వడ్రంగి వాడు ఆకురాయియు ఇంగ్లీషున ఫైలే. కాని దారముతో దానికి చుట్టరికము లేదు. అది ‘ఫేఓల్’ అను ప్రాచీనాంగ్ల పదము; జర్మను భాషలోని ‘ఫైలె’ దాని తోబుట్టువు. మలినపరచుట యను మూడవ అర్థమును ఒకప్పుడుండెడిది. అది వాడుక తప్పినను, అపవిత్రము చేయుట యను అర్థముగల ‘డిఫైల్’లో దాని జాడ మిగిలినది. ఇరుకైన కనుమను తెలుపు ‘డిఫైల్’ మాత్రము వరుసగా నడచుట నుండి పుట్టినది. మూడు వంశముల మాటలు ధ్వనిమార్పులచే ఒకే రూపమును దాల్చినవన్నమాట.

దారమునకును లిఖితమునకును గల సంబంధము మనకు క్రొత్త కాదు. సంస్కృతమున సూత్రమనగా దారము. క్లుప్తమైన శాస్త్రవాక్యమును సూత్రమే. గ్రంథ శబ్దమునకు కట్టుట, కూర్చుట యను ధాతువే మూలము. తాటాకులకు రంధ్రములు చేసి త్రాడు గ్రుచ్చిన దేశమున ఇది సహజము. కరణముల కవిలెకట్టలును అట్టివే. ఇక ‘దఫ్తరు’ పారసీకమునుండి వచ్చినది. దాని తొలి మూలము చర్మము అను అర్థముగల గ్రీకు పదము. యూరపు దారమును, గ్రీసు తోలును, మన తాటాకును ఒకే కచ్చేరీలో కలిసికొన్నవి!

ఈ చరిత్ర వినోదమునకు మాత్రమే కాదు. ఫైలునందు నోటు భాగము, ఉత్తరప్రత్యుత్తరముల భాగము వేరువేరుగా నుంచి, పుటలకు సంఖ్యలు వేసి, ట్యాగుతో బంధించుటలో ఉద్దేశ మొక్కటియే: ఎవరు, ఎప్పుడు, ఏ కారణమున నిర్ణయించిరో తెలిపెడు వరుస తెగరాదు. ఒక్క పుట జారినచో ఒక వితంతువు పింఛను ఏండ్ల తరబడి నిలిచిపోవచ్చును. 2005 నాటి సమాచార హక్కు చట్టము ‘రికార్డు’ అను మాటకు చెప్పిన అర్థములో ఫైలును చేర్చినది. కనుక ఆ వరుసను అడుగు హక్కు పౌరునకును కలదు.

నేడు ఈ-ఆఫీసు వచ్చినది. పత్రములు తెరపై కదలుచున్నవి, ట్యాగు కనుమరుగగుచున్నది. అయినను కంప్యూటరులోని దానిని కూడ ఫైలనియే పిలుచుచున్నాము. పేరులోని దారము కంటికి కనబడకపోయినను, అర్జీదారునకును నిర్ణయమునకును నడుమ అది తెగకుండ చూచుట మన కర్తవ్యము.