తండ్రియే గురువు – టెన్నిసు విద్య

విద్య తండ్రి నుండి కుమారునకు సంక్రమించుట మన దేశమున ప్రాచీన సంప్రదాయము. అది ఆటలకును వర్తించునని తమిళ టెన్నిసు క్రీడాకారుడు టి. కె. రామనాథన్ నిరూపించెను. ఆయన తన కుమారుడు కృష్ణన్‌కు బాల్యముననే గురువై శిక్షణ నొసగెను.

1937లో నాగర్‌కోవిల్‌లో జన్మించిన ఆ బాలుడు 1954లో వింబుల్డన్ బాలుర పోటీలో విజేత యయ్యెను. ఆసియావాసులలో ఆ గౌరవము నందిన ప్రథము డతడే. దేహబలముకంటె ఓర్పు, బంతిని తలచిన చోటికి పంపు హస్తలాఘవము అతని ఆయుధములు. 1960, 1961 సంవత్సరములలో పెద్దల పోటీలో సెమీఫైనలు వరకు వచ్చి, ఆ యా యేటి విజేతలైన నీల్ ఫ్రేజర్, రాడ్ లేవర్‌లకు ఓడెను.

కిరీటము దక్కకున్నను విద్య నిలిచెను. కృష్ణన్ కుమారుడు రమేశ్ 1979లో అదే బాలుర పోటీని గెలిచెను. తండ్రి యిచ్చిన ఆస్తి కరగవచ్చును. నేర్పిన విద్య మూడవ తరమునకును తరుగదు.