టర్కీ కోడి నల్లమాంసము

1612లో మొగలు చక్రవర్తి జహంగీరునకు గోవానుండి ఒక వింతపక్షి వచ్చినది. దాని తల క్షణమునకొక రంగు మారుటచూచి, ఊసరవెల్లితో పోల్చి, ఆయన స్వీయచరిత్రలో వర్ణించినాడు. ఆస్థాన చిత్రకారుడు మన్సూరు దాని బొమ్మ వ్రాసినాడు. అదియే టర్కీ కోడి. మచ్చికయైనది మెక్సికోలో, ఆంగ్లేయులు దానికి తురుష్కుల పేరు పెట్టిరి, తురుష్కులేమో 'హిందీ' యనిరి! నాడు ఆదవోని బిజాపురు సుల్తానులది; 1510లో పోర్చుగీసువారు గోవాను లాగికొన్నదియు ఆ వంశమునుండియే.

ఆదవోని, ఎమ్మిగనూరుల జొన్నరొట్టెకు ఈ పక్షి రొమ్ముకంటె తొడయే తగునని మా అభిప్రాయము. నిరంతరము నడిచెడి కాళ్లలో ప్రాణవాయువును నిలుపు ఎర్రని పదార్థమధికము. అందుచే ఆ మాంసము నల్లన. తొందరపెట్టిన రబ్బరగును. మొదటిసారి మేమట్లే తొందరపడితిమి. అతిథులు మర్యాదస్థులు గనుక మాటాడక నమలిరి.

కాలి నరములు ఎముకవలె గట్టిపడియుండును, ముందే లాగివేయవలెను. అల్లము, వెల్లుల్లి, ధనియాలు, ఎండుకొబ్బరి నూరి పట్టించి, ఉల్లిపాయలతో వేయించి, నీరు పోసి మూతపెట్టి, సన్నసెగపై సుమారు రెండు గంటలు ఉడికించవలెను. కీళ్లయందలి జిగురు కరగి పులుసు తానే చిక్కబడును. చింతపండురసము చివర పోసిన చాలును.