అడంగలా, పహణీయా?

మా తాతగారి ట్రంకు పెట్టెలోని పొలం కాగితం మీద ‘అడంగల్’ అని ఉంది. నాన్నగారి నాటికి అదే ‘పహణి’ అయింది. పొలం కదల్లేదు, సరిహద్దు కదిలింది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోగా, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఏ సర్వే నంబరులో ఎవరి సాగు, ఏ పంట అన్నదే రెండింటిలోనూ ఉండేది.

పహణిలో పేరెక్కితే పొలం నాదే అని మనవాళ్లు ధీమాగా ఉంటారు. అది శిస్తు కోసం పుట్టిన లెక్క అండీ! కోర్టు దాన్ని నమ్ముతుంది. ఎదుటివారు కాదని రుజువు చేసేదాకానే. ఆ రుజువుకు కావలసింది దస్తావేజు. పారసీలో ‘దస్త్’ అంటే చెయ్యి.

మా పహణిలో పెద్దనాన్నగారి పేరొక్కటే ఎక్కింది. తాతగారు కొన్న దస్తావేజు పెట్టె అడుగున దొరికాకనే నాన్నగారి వాటా తేలింది.