లెక్క ఒప్పే, మొదటి అంకె తేడా



2008 వేసవి. అప్పటి వరంగల్ జిల్లా చిట్యాలలో మా ఇల్లు. మా అబ్బాయి తన కోర్ 2 డ్యూయో కంప్యూటరులో ప్రాసెసర్ వేడిని చూపే ప్రోగ్రాములు రెండు వేశాడు. ఒకటి 70 డిగ్రీలంటే, రెండోది 55 అంది. ఫ్యాను మార్చాలా వద్దా అని ఇంట్లో వాదన.

కారణం తర్వాత తెలిసింది. 2006లో వచ్చిన ఆ రకం ప్రాసెసర్లలోని సెన్సర్ వేడిని నేరుగా చెప్పదు. గరిష్ఠ హద్దుకు ఇంకా ఎన్ని డిగ్రీలు మిగిలాయో చెబుతుంది. దాన్ని హద్దులోంచి తీసివేసి ప్రోగ్రాము మనకు చూపుతుంది. డెస్క్‌టాప్ ప్రాసెసర్ల హద్దును ఇంటెల్ అప్పటికి వెల్లడించలేదు. ఒక ప్రోగ్రాము 100 అనుకుంది, మరొకటి 85 అనుకుంది. అదే ఆ 15 డిగ్రీల తేడా! 2008 ఆగస్టు నుంచి ఇంటెల్ ఆ హద్దులు ప్రకటించసాగింది. పైగా ఆ సెన్సర్ హద్దు దగ్గరైన కొద్దీ నమ్మదగినది. చల్లగా ఉన్నప్పుడు తప్పు చూపవచ్చు.

మనకిది కొత్త కాదు. సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీ తప్పు పడితే, లెక్క ఎంత సరిగా వేసినా రిటైర్మెంటు తేదీ తప్పే కదా! మిగిలినవి 30 డిగ్రీలన్న మాటలో రెండు ప్రోగ్రాములకూ తేడా లేదు. అదే నమ్మాం, ఫ్యాను మార్చలేదు.