కొండ మీంచి దించేవాళ్లు

1928లో ఇంగ్లండ్‌లోని పీక్ డిస్ట్రిక్ట్‌లో, లాడో రాక్స్ అనే బండల మీంచి ఒక పర్వతారోహకుడు పడిపోయాడు. తొడ ఎముక విరిగింది. తోటివాళ్లు చేతికందిన వాటితోనే పడక ఒకటి తయారుచేసి, రాళ్లూ బురదా దాటుకుంటూ గంటల తరబడి మోసి కిందికి చేర్చారు. నొప్పి తగ్గించే మందు వాళ్ల దగ్గర చుక్క కూడా లేదు. ప్రాణం దక్కింది గానీ కాలు దక్కలేదు, తీసేయాల్సి వచ్చింది. పడినప్పటి దెబ్బ కన్నా దించిన తీరే ఆ కాలికి ఎక్కువ హాని చేసిందని మాంచెస్టర్ సర్జన్ విల్సన్ హే నమ్మారు.

బ్రిటన్‌లో స్వచ్ఛంద పర్వత రక్షక దళాల కథ చాలావరకు ఆ కాలితోనే మొదలైంది.

అంతకుముందు సాయం చేసేవాళ్లు లేరని కాదు. గొర్రెల కాపరులు, రాతి క్వారీల కార్మికులు, కొండ కింది హోటళ్లలో బస చేసినవాళ్లు, ఎవరు దగ్గరుంటే వాళ్లే లాంతర్లు పట్టుకుని బయలుదేరేవారు. గేటో తలుపో ఊడదీసి దాని మీదే గాయపడ్డవాణ్ని మోసుకొచ్చేవారు. ఆల్ప్స్‌లోనైతే 2,469 మీటర్ల ఎత్తున ఉన్న గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమలో క్రైస్తవ సన్యాసులు 11వ శతాబ్దం నుంచే బాటసారులకు ఆశ్రయమిస్తూ, మంచులో చిక్కినవాళ్లను వెతికి తెస్తూ వచ్చారు. దీన్ని ఒక సంస్థగా నిలబెట్టింది మాత్రం వియన్నావాసులు. 1896 మార్చిలో ఆస్ట్రియాలోని రాక్స్ పర్వతం మీద మంచు చరియలు విరిగిపడి ముగ్గురు బలయ్యారు. ఆ ఏడాదే అక్కడి పర్వతారోహకులు రక్షక సంఘం పెట్టుకున్నారు. ప్రపంచంలో ఇలాంటి సంస్థల్లో అదే మొదటిదంటారు.

బ్రిటన్‌లో ముందుగా కుదిరింది దళం కాదు, స్ట్రెచర్. ఆస్పత్రి స్ట్రెచర్ చదునైన నేల కోసం చేసింది. కొండవాలులో దాన్ని ఎత్తి పట్టుకోవడమే గండం. 1930ల మొదట్లో రెండు పర్వతారోహక క్లబ్బులు కలిసి దీని కోసం ఒక కమిటీ వేశాయి. మాంచెస్టర్ ఇంజనీరు యూస్టస్ థామస్, తానూ కొండలెక్కే మనిషి కాబట్టి, రాళ్ల మీద జారేలా అడుగున పట్టీలు బిగించిన స్ట్రెచర్ తయారుచేశారు. దశాబ్దాల పాటు ఆ థామస్ స్ట్రెచరే వాడుకలో ఉంది. కొండ కింది హోటళ్లలో, రైతుల ఇళ్లలో దాన్ని సిద్ధంగా ఉంచి, వాటిని రక్షక కేంద్రాలన్నారు.

మందు సంగతి అంత సులువుగా తేలలేదు. ఆ కేంద్రాల్లో మార్ఫిన్ ఉంచనివ్వమని హే ప్రభుత్వాన్ని అడిగారు. అది మాదకద్రవ్యం, డాక్టరు కానివాళ్ల చేతికి ఇవ్వకూడదన్నది చట్టం. అనుమతి రాలేదు. హే ఊరుకోలేదు. సొంతంగా కొని కేంద్రాలకు పంచుతూ వచ్చారు. 1949లో ఆయన్ను కోర్టుకు ఈడ్చి 10 పౌండ్ల జరిమానా వేశారు. కానీ ఆ కేసుతోనే ప్రభుత్వం దిగివచ్చి, రక్షక కేంద్రాల్లో మార్ఫిన్ ఉంచడానికి ఒప్పుకుంది. నేడు శిక్షణ పొందిన స్వచ్ఛంద సభ్యుడు కొండ మీదే నొప్పి తగ్గించగలుగుతున్నాడంటే, చట్టాన్ని ధిక్కరించి మరీ నిలబడిన ఆ సర్జన్ పుణ్యమే.

స్ట్రెచరూ మందూ ఉన్నా, మొదట్లో మోసే మనుషులను అప్పటికప్పుడు పోగుచేసుకోవాల్సి వచ్చేది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో వేల్స్ కొండల్లో విమానాలు తరచూ కూలుతుంటే, వైమానిక దళ వైద్యాధికారి జార్జ్ గ్రాహం శిక్షణతో కూడిన జట్టును తయారుచేశారు. పౌరుల దళాలు యుద్ధం ముగిశాక వచ్చాయి. 1946లో లేక్ డిస్ట్రిక్ట్‌లోని గ్రేట్ గేబుల్ కొండ మీద పర్వతారోహకుడు విల్‌ఫ్రిడ్ నాయిస్ పడి కాలు విరగ్గొట్టుకున్నారు. ఆయన్ను దించడం ఎంత కష్టమైందో కళ్లారా చూసిన హొరేస్ వెస్ట్‌మోర్లండ్, అప్పటికి అరవై ఏళ్ల మనిషి, కెజిక్ ఊరి వాళ్లను కూడగట్టి దళం కట్టారు. ఆ నాయిస్ 1953 ఎవరెస్ట్ యాత్రలో షెర్పా అనుల్లుతో కలిసి సౌత్ కోల్ చేరి, టెన్సింగ్, హిల్లరీల బృందానికి దారి తెరిచారు.

స్కాట్లండ్‌లో గ్లెన్‌కో దళాన్ని 1961లో స్థాపించిన హేమిష్ మకిన్నిస్, మడిచి వీపున మోసుకెళ్లగల లోహపు స్ట్రెచర్‌ను రూపొందించారు. స్విట్జర్లండ్‌లో మంచు కింద మనుషులను పసిగట్టే కుక్కలను చూసొచ్చి, 1965లో అలాంటి శిక్షణకు తన దేశంలోనూ సంఘం పెట్టారు.

ఇప్పుడు ఒక్క ఇంగ్లండ్, వేల్స్‌లలోనే 3,000కు పైగా స్వచ్ఛంద సభ్యులున్నారు. టీచర్లు, రైతులు, నర్సులు, ప్లంబర్లు. జీతం లేదు. దళాలు ఎక్కువగా విరాళాలతోనే నడుస్తాయి. ఫోన్ మోగితే పని వదిలి, నిద్ర వదిలి, వానలో కొండెక్కుతారు. దించినందుకు ఎవరి దగ్గరా రుసుము తీసుకోరు.

బ్రిటన్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లు సెలవు దొరికితే స్నోడన్‌కో లేక్ డిస్ట్రిక్ట్‌కో వెళ్తుంటారు. ఆపద వస్తే 999కి ఫోన్ చేసి, ముందు పోలీసులను, తర్వాత మౌంటెన్ రెస్క్యూను అడగాలి. సిగ్నల్ లేకపోతే ఈలో టార్చో వాడాలి: నిమిషంలో ఆరుసార్లు, ఒక నిమిషం విరామం, మళ్లీ ఆరుసార్లు. అటు నుంచి నిమిషానికి మూడుసార్లు జవాబొస్తే విన్నారని అర్థం. అయినా వాళ్లు దగ్గరికొచ్చేదాకా సంకేతం ఆపకూడదు.