ఏటికొప్పాక లక్కపని

వరాహనదీతీరమందలి ఏటికొప్పాకలో లక్కబొమ్మల విద్య తరతరములుగా కుటుంబములలో సాగుచున్నది. గిరగిర తిరుగు అంకుడుకఱ్ఱకు రంగులక్కను అదుమగా, రాపిడివేడికి లక్క కరగి కఱ్ఱను పట్టును. తండ్రి చేతినుండి కొడుకు నేర్చిన దీ నేర్పు. అయినను రసాయనపు రంగులు రాగా, చెట్టురంగులు మఱుగుపడెను. బిడ్డలు నోట బెట్టుకొను బొమ్మకు అట్టి రంగు తగునా? గత శతాబ్దపు చివరి దశాబ్దములలో శ్రీ సి. వి. రాజుగారు పనివారితో గూడి పసుపు, నీలి మొదలగువాని రంగులను శోధించి మరల తెచ్చిరి. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపును, ఆయనకు 2023లో పద్మశ్రీయు లభించినవి.

పరంపర చేతిపనిని నిలిపెను గాని రంగును నిలుపలేకపోయెను. దానిని మరల నిలిపినది విచారణ. పూర్వుల విద్యయని పొగడుట సులభము. కొట్టిన అంకుడుచెట్టుకు మాఱుగా మొక్క నాటుటయు, మన బిడ్డల కా బొమ్మలను కొనియిచ్చుటయు నిజమైన గౌరవమని మేము తలంచెదము.